సభలో చోటు లేనివారి తరఫున

1812 ఫిబ్రవరి 27, గురువారం. లండన్‌లో ప్రభువుల సభ ముందుకు ఆ రోజు చర్చకు వచ్చిన బిల్లు సారం ఒక్క ముక్కలో చెప్పవచ్చు: మేజోళ్లు అల్లే మగ్గాన్ని విరగ్గొడితే ఉరి. కామన్స్ సభ దాన్ని అప్పటికే ఆమోదించి పంపింది. మంత్రుల పక్షాన లార్డ్ లివర్‌పూల్ బిల్లును సభ ముందుంచాడు. అప్పుడు ప్రతిపక్షపు బల్లల నుంచి ఇరవై నాలుగేళ్ల యువకుడొకడు లేచాడు. ఆ సభలో అతను నోరు విప్పడం అదే మొదలు. అతని పేరు జార్జ్ గోర్డన్, ఆరో లార్డ్ బైరన్.

బైరన్ అనగానే మనకు ప్రేమలూ, అప్పులూ, దేశం వదిలిపోవడం, గ్రీకుల స్వాతంత్ర్యం కోసం వెళ్లి మిస్సలోంగీలో జ్వరంతో చనిపోవడం గుర్తొస్తాయి. ఇంగ్లిష్ సాహిత్యం చదువుకున్నవాళ్లకు కావ్యాలు గుర్తొస్తాయి. పార్లమెంటు మాత్రం ఎవరికీ గుర్తు రాదు. అక్కడ అతను మాట్లాడింది మూడే మూడుసార్లు, అదీ ఏడాదిన్నర లోపే. అందుకే దాన్ని కవిగారి కుర్రతనపు సరదా కింద కొట్టిపారేసేవాళ్లున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. మూడు ప్రసంగాలనూ వరుసగా చదివితే ఒకే పట్టుదల కనిపిస్తుంది. మొదటిది ఓటు లేని అల్లికపనివాళ్ల కోసం. రెండోది పార్లమెంటులో కూర్చునే హక్కు లేని ఐర్లండ్ కాథలిక్కుల కోసం. మూడోది అర్జీ మీద సంతకాలు పెట్టిస్తున్నందుకు సైనికులు పట్టుకుపోయిన ఒక ముసలాయన కోసం. సభలో చోటు లేనివాళ్ల గోడును, పుట్టుకతో చోటు దొరికినవాడు సభలో చెప్పాడు. ఆ చోటును అతను మరింకెందుకూ వాడుకోలేదు.

పదేళ్లకే ప్రభువు

బైరన్ మూడేళ్లవాడై ఉండగా తండ్రి పోయాడు. తల్లితో పాటు స్కాట్లండ్‌లోని అబర్దీన్‌లో, అద్దె గదుల్లో, చాలీచాలని డబ్బుతో పెరిగాడు. పుట్టుకతోనే కుడి పాదం వంకర. 1798లో తాతగారి అన్న, ఐదో లార్డ్ బైరన్, వారసులు లేకుండా చనిపోవడంతో పదేళ్ల పిల్లాడు ఒక్కసారిగా ప్రభువయ్యాడు. నాటింగ్‌హామ్‌షైర్‌లో న్యూస్టెడ్ అబీ అనే శిథిలమవుతున్న భవనం, దాని చుట్టూ భూములు, వాటి మీద అప్పులు చేతికొచ్చాయి. హారో బడిలో చదివేటప్పుడు వక్తృత్వ ప్రదర్శన రోజుల్లో కింగ్ లియర్ మాటలు వల్లించి మెప్పు పొందాడు. ఈ కుర్రాడు కవి అవుతాడని కాక మంచి వక్త అవుతాడని అక్కడి ప్రధానోపాధ్యాయుడు డాక్టర్ డ్రూరీ అనుకున్నాడు.

మైనారిటీ తీరాక 1809 మార్చి 13న సభలో తన స్థానం తీసుకున్నాడు. అదేమీ ఆనందంగా జరగలేదు. సంరక్షకుడైన కార్లైల్ ప్రభువు వెంటబెట్టుకుని పరిచయం చేయడానికి ముందుకు రాలేదు. తాతగారి పెళ్లి చట్టబద్ధంగా జరిగిందని రుజువు తెమ్మన్నారు. కార్న్‌వాల్‌లో ఒక సొంత ప్రార్థనామందిరంలో జరిగిన ఆ పెళ్లి కాగితాల కోసం వారాలు తిరగాల్సి వచ్చింది. చివరికి ప్రమాణం చేసినప్పుడు లార్డ్ ఛాన్సలర్ ఎల్డన్ చిరునవ్వుతో దిగివచ్చి చెయ్యి చాచాడు. బైరన్ బిగుసుకుపోయి, వేళ్ల కొసలతో ఆ చెయ్యి తాకి, ప్రతిపక్షం వైపు బల్ల మీద కాసేపు కూర్చుని లేచి వెళ్లిపోయాడు. గట్టిగా చెయ్యి కలిపితే తన పార్టీవాడినని ఆయన అనుకుంటాడని, వెంట వచ్చిన మిత్రుడు డాలస్‌తో తర్వాత చెప్పాడు.

ఆ ఏడాది జులైలో దేశాటనకు బయల్దేరాడు. పోర్చుగల్, స్పెయిన్, అల్బేనియా, గ్రీసు, తుర్కీ చూసి 1811 జులైలో తిరిగొచ్చాడు. ఈ ప్రయాణం ప్రభువుల సభలో అతనికి ఎలా అక్కరకొచ్చిందో ముందు చూస్తాం. తిరిగొచ్చిన కొన్ని నెలలకే తన జిల్లా మండిపోసాగింది.

మగ్గాలు ఎందుకు విరిగాయి

మేజోళ్ల మగ్గం కొత్తగా వచ్చిపడిన యంత్రం కాదు. నాటింగ్‌హామ్ దగ్గర కాల్వర్టన్‌లో విలియం లీ అనే ఆయన 1589లోనే దాన్ని కనిపెట్టాడు. చేత్తో సూదులతో ఒక్కో కుట్టు అల్లడానికి బదులు, వరుసగా పేర్చిన కొక్కెం సూదుల మీద దారం పరిచి, కాళ్లతో పావులు తొక్కుతూ చేతులతో కమ్మీ లాగుతూ ఒక వరుస మొత్తాన్ని ఒక్క ఊపులో అల్లుతారు. ఆ పల్లెల్లో ఇళ్లకు వెలుతురు కోసం పొడవాటి కిటికీలుండేవి. పొద్దుగూకాక నీళ్లు నింపిన గాజుబుడ్డి వెనక కొవ్వొత్తి పెట్టి, ఆ వెలుగు సూదుల మీద పడేలా చూసుకునేవారు. మగవాడు మగ్గం మీద, ఆడమనిషి కుట్టుపని మీద, పిల్లలు దారం చుట్టే పని మీద. ఇల్లంతా కలిస్తే ఒక జత మేజోళ్లు.

మగ్గం మాత్రం వాళ్లది కాదు. వ్యాపారిదో, అద్దెకిచ్చే ఆసామిదో. పని ఉన్నా లేకున్నా వారం వారం అద్దె కట్టాలి. కొన్నిచోట్ల కూలి డబ్బుకు బదులు సరుకులిచ్చేవారు. నెపోలియన్‌తో యుద్ధం వల్ల ఐరోపా బజార్లు మూతబడ్డాయి. బ్రిటన్ విధించిన నౌకా వాణిజ్య ఆంక్షలకు జవాబుగా 1811లో అమెరికా కూడా తలుపు వేసేసింది. పంటలు పోయి రొట్టె ధర పెరిగింది. ఇదే అదనుగా కొందరు వ్యాపారులు వెడల్పాటి మగ్గాల మీద గుడ్డలా అల్లించి, కత్తిరించి, మేజోళ్ల ఆకారంలో కుట్టించి అమ్మసాగారు. అంచు కట్టులేని ఆ మేజోళ్లు నాలుగు రోజులకే పోగులు విడిపోయేవి. పని తెలిసినవాడికి కూలి తగ్గింది, సరుకుకు పరువు పోయింది.

1811 మార్చిలో ఆర్నల్డ్ అనే ఊళ్లో ఒక్క రాత్రి అరవైకి పైగా మగ్గాలు విరిగాయి. నవంబరులో బుల్వెల్‌లో మళ్లీ మొదలైంది. నెడ్ లడ్ అనే కల్పిత సేనాని పేరు మీద వ్యాపారులకు బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. లడ్డైట్లు అన్న పేరు అలా వచ్చింది. ఇవాళ కంప్యూటరంటే జంకే వాళ్లను కూడా ఆ పేరుతో వెక్కిరిస్తారు. అది వాళ్లకు అన్యాయం. వాళ్లు ప్రతి మగ్గాన్నీ ముట్టుకోలేదు. కూలి తగ్గించినవాడి మగ్గాన్ని, నాసిరకం సరుకు అల్లించినవాడి మగ్గాన్ని ఎంచి మరీ విరగ్గొట్టారు. నేర్చిన పనికి విలువ లేకుండా చేసినవాళ్లతోనే వాళ్ల తగాదా.

ప్రభుత్వానికి ఈ తేడాతో పనిలేకపోయింది. 1788 నాటి చట్టం ప్రకారం మగ్గం విరగ్గొట్టినవాడికి ఏడు నుంచి పద్నాలుగేళ్ల ద్వీపాంతరవాసం ఉండనే ఉంది. అది చాలదని హోం మంత్రి రిచర్డ్ రైడర్ 1812 ఫిబ్రవరి 14న కామన్స్‌లో ఉరిశిక్ష బిల్లు తెచ్చాడు. అప్పటికే రెండు వందలకు పైగా నేరాలకు ఉరి ఉన్న దేశం అది.

ఆ గురువారం

బైరన్ ప్రసంగాన్ని ముందే రాసుకుని, కంఠస్థం చేసి, డాలస్ ముందు వల్లించి చూసుకున్నాడు. రెండు రోజుల ముందు ప్రతిపక్షమైన విగ్ పార్టీ నాయకుడు లార్డ్ హాలండ్‌కు ఉత్తరం రాస్తూ, ఈ జనం మీద తనది మరీ మెతకవైఖరి అనుకుంటారేమోనని, తానూ సగం మగ్గాలు విరగ్గొట్టేవాడిలాగే కనిపిస్తానేమోనని జంకాడు. హాలండ్ నాటింగ్‌హామ్ పట్టణానికి న్యాయ పదవిలో ఉన్నవాడు. అక్కడి సంగతులు ఆయనకు తెలుసు.

ప్రసంగం బలమంతా మొదటి సగంలో ఉందని నా అభిప్రాయం. అక్కడ అతను సాక్ష్యం చెబుతాడు. నాటింగ్‌హామ్‌షైర్‌లో ఉన్న కొద్దిరోజుల్లో పన్నెండు గంటలు గడిస్తే చాలు, ఎక్కడో ఒకచోట కొత్త దాడి జరిగిందన్నాడు. తాను బయల్దేరిన నాడు, ముందు రోజు సాయంత్రమే నలభై మగ్గాలు విరిగాయని, ఒక్కరూ పట్టుబడలేదని విన్నానన్నాడు. దాడులను తక్కువ చేసి చూపలేదు, విరగ్గొట్టినవాళ్లను దేవుళ్లనూ చేయలేదు. ఇంత జరిగిందని ఒప్పుకుని, ఎందుకు జరిగిందో చెప్పాడు. ఒక మనిషి చేసే పని పదిమంది కడుపు కొట్టిందని, అలా తయారైన సరుకు స్వదేశంలో చెల్లక ఎగుమతికి పోయే నాసిరకమని, ఆ వృత్తిలోనివాళ్లు దాన్ని సాలెగూటి పని అని పిలుస్తారని వివరించాడు. ప్రభువుల్లో ఎంతమందికి ఆ పేరు ముందు తెలుసు? అల్లికవాడి నోటి మాటను అతను ఆ గదిలోకి మోసుకొచ్చాడు.

తర్వాత సైన్యం సంగతి. నాటింగ్‌హామ్ నుంచి బుల్వెల్‌కు, అక్కణ్నుంచి బాన్‌ఫర్డ్‌కు, అక్కణ్నుంచి మాన్స్‌ఫీల్డ్‌కు కవాతు చేసి, అంతా అయిపోయాక చేరుకుని, ముసలమ్మల ఎగతాళి, పిల్లల కేకల మధ్య తిరిగొచ్చిన సిపాయిల కథ చెప్పాడు. మీరు అల్లరిమూక అంటున్నది ఎవరిని అని అడిగాడు. మీ పొలాలు దున్నేది, మీ ఇళ్లలో ఊడిగం చేసేది, మీ ఓడల్లో, మీ సైన్యంలో చేరి పోరాడేది ఆ మూకే కదా అన్నాడు. ఫ్రెంచివాళ్లు వెనుదిరిగాక పోర్చుగీసు రైతులు అల్లాడుతుంటే దానాలు కుమ్మరించిన దేశం, తన మనుషుల ఆకలి దగ్గరికొచ్చేసరికి సిపాయిలను పంపిందన్నాడు. తుర్కీలో అణగారిన ప్రాంతాల్లో తిరిగొచ్చానని, అక్కడ కూడా ఇంత దైన్యం కంటపడలేదని చెప్పినప్పుడు రెండేళ్ల దేశాటన సాక్ష్యమైంది. సభలో మరొకరు అనలేని మాట అది.

రెండో సగంలో ఆవేశం ఎక్కువ. ఊరి పొలాలన్నిటిలో ఉరికంబాలు నాటి మనుషుల్ని దిష్టిబొమ్మల్లా వేలాడదీస్తారా అని అడిగాడు. విముక్తి గురించి అడిగితే ఏళ్ల తరబడి తాత్సారం చేసేవాళ్లు, చంపే బిల్లు మాత్రం ఉన్నపళాన పాస్ చేస్తారా అన్నాడు. ముగింపులో ఒక మనిషిని నిలబెట్టాడు: ఆకలికి ఎండిపోయినవాడు, చుట్టూ తిండి పెట్టలేని పిల్లలు, ప్రాణానికి ఒక మగ్గం పాటి విలువ కూడా లేనివాడు. వాణ్ని బోనెక్కిస్తే శిక్ష వేయడానికి పన్నెండుమంది కసాయివాళ్లు జ్యూరీలో కూర్చోవాలని, న్యాయమూర్తిగా జెఫ్రీస్ రావాలని అన్నాడు. 1685లో తిరుగుబాటు చేసినవాళ్లను వందల్లో ఉరికి పంపిన జడ్జి పేరది. ఆ పేరు వినగానే ఎల్డన్ మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. లార్డ్ ఛాన్సలర్‌కు కోపం తెప్పించానని బైరన్ తర్వాత ఒక స్నేహితుడికి రాసుకున్నాడు కూడా.

బయటి నడవలోకి వచ్చేసరికి ఒళ్లు పొంగిపోతోంది. డాలస్ కుడి చేతిలో గొడుగుండటంతో ఎడమ చెయ్యి చాచాడు. ఇలాంటి సందర్భంలో ఎడమ చెయ్యా అని బైరన్ నిలదీశాడు. డాలస్ గొడుగు మార్చుకుని కుడి చెయ్యి ఇచ్చాడు. కామన్స్ సభ్యుడు సర్ ఫ్రాన్సిస్ బర్డెట్ మెచ్చుకున్నాడు. కొన్ని వాక్యాల కట్టు పాత తరం వక్త బర్క్‌ను తలపించిందని లార్డ్ గ్రెన్‌విల్ అన్నాడు. లార్డ్ హాలండ్ ఎదురుగా పొగిడాడు కానీ, ఊహ, చమత్కారం, తిట్టు పుష్కలంగా ఉన్నా తర్కం అంత గట్టిది కాదని, కొంత కృత్రిమత ఉందని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. హాలండ్ మాటలో నిజం ఉంది. ఆ సభలో నెగ్గే పద్ధతి అది కాదు. ప్రతి పది మాటల్లో ఆరు దెప్పిపొడుపులైతే, ఓటు మార్చుకోవాలనుకున్న ప్రభువు కూడా బిగుసుకుపోతాడు. కానీ లెక్కలు వేసి నెమ్మదిగా నచ్చజెప్పే ప్రసంగాలు ఆ రోజు విగ్‌ల తరఫున వేరేవాళ్లు చేశారు. వాటిని ఇవాళ ఎవరూ చదవడం లేదు.

బిల్లు ఆగలేదు. మార్చి 2న 'మార్నింగ్ క్రానికల్' పత్రికలో ఆ బిల్లు రాసినవాళ్లను దుయ్యబడుతూ పేరు లేకుండా ఒక పద్యం అచ్చయింది. రాసింది బైరనే. మార్చి 20న బిల్లుకు రాజముద్ర పడింది. ఈ రెండు తేదీల నడుమనే జాన్ మరే సంస్థ బైరన్ కావ్యం 'చైల్డ్ హెరాల్డ్స్ పిల్‌గ్రిమేజ్' తొలి రెండు సర్గలు విడుదల చేసింది. అయిదు వందల ప్రతులు మూడు రోజుల్లో చెల్లిపోయాయి. ఆ వారం తర్వాత లండన్ అతన్ని మళ్లీ సభాసదుడిగా చూడలేదు. ప్రతి విందుకూ పిలుపొచ్చింది.

మే 11న ప్రధాని స్పెన్సర్ పర్సెవల్‌ను కామన్స్ సభ ముంగిట్లోనే కాల్చి చంపారు. వారం తిరిగేసరికి హంతకుడు బెల్లింగ్‌హామ్‌ను న్యూగేట్ జైలు ముందు ఉరితీశారు. ఎదురింట్లో ఒక కిటికీ అద్దెకు తీసుకుని బైరన్ ఆ ఉరి చూశాడు. ఫిబ్రవరి ప్రసంగాన్ని ప్రేమించేవాళ్లకు ఇది ఇబ్బంది పెట్టే సంగతే. దాచడం మాత్రం తప్పు.

సొరచేప, దాని ఎర

రెండో ప్రసంగం 1812 ఏప్రిల్ 21న. కాథలిక్కుల హక్కుల్ని పరిశీలించడానికి కమిటీ వేయాలని డోనమోర్ ప్రభువు ప్రతిపాదించాడు. 1801లో ఐర్లండ్ పార్లమెంటును రద్దు చేసి బ్రిటన్‌లో కలిపేశారు. కానీ అక్కడి జనంలో అత్యధికులైన కాథలిక్కులు ఓటు వేయగలరే గానీ, లండన్ పార్లమెంటులో కూర్చోలేరు. సైన్యంలో చేరి చావవచ్చు, పెద్ద పదవుల్లోకి రాలేరు.

బైరన్ ఆ కలయికను సొరచేపకూ, అది మింగే చేపకూ మధ్య కలయికతో పోల్చాడు. మింగేశాక రెండూ ఒకటే కదా! పేద కాథలిక్కుల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి ప్రొటెస్టంట్లుగా పెంచే చార్టర్ బడుల మీద విరుచుకుపడ్డాడు. మంత్రులు కాథలిక్కులను ఇలా దూరం చేసుకుంటున్నంతకాలం లాభపడేది నెపోలియన్ ఒక్కడేనన్నాడు. మొదటి ప్రసంగంలా ఇది కళ్లతో చూసి చెప్పింది కాదు. ఐర్లండ్‌కు అతను అప్పటికి వెళ్లలేదు, ఆ తర్వాతా వెళ్లలేదు. ఆ లోటు తెలుస్తుంది. వాక్యాలు మెరుస్తాయి కానీ ఒక్క ఊరి పేరూ మనసులో నిలవదు. ప్రతిపాదన 102కు 174 ఓట్లతో వీగిపోయింది. అదే ఏడాది జులై 1న వెల్లెస్లీ ప్రభువు మళ్లీ తెచ్చినప్పుడు ఒక్క ఓటుతో పోయింది: 125, 126. ఈ చర్చల్లో ఒక రాత్రి తనను నాట్యవిందు నుంచి హడావిడిగా పిలిపించారని, యాభై లక్షల మందిని విముక్తం చేయడానికి అయిష్టంగానే లేచి వెళ్లానని బైరన్ తర్వాత దాపరికం లేకుండా రాసుకున్నాడు.

ముసలి మేజర్ అర్జీ

మేజర్ జాన్ కార్ట్‌రైట్ నాటింగ్‌హామ్‌షైర్ వాడే. డెబ్భై రెండేళ్ల వయసులో ఊరూరూ తిరిగి పార్లమెంటు సంస్కరణ కోసం అర్జీల మీద సంతకాలు పెట్టిస్తున్నాడు. ఇంకో సంగతి, మరమగ్గాన్ని కనిపెట్టిన ఎడ్మండ్ కార్ట్‌రైట్ ఈయన తమ్ముడే. 1813 జనవరిలో హడర్స్‌ఫీల్డ్‌లో మేజర్‌ను సైనికులతో పట్టించి, కాగితాలు సోదా చేసి, నేరమేమీ మోపలేక వదిలేశారు. దాని మీద ఆయన పెట్టుకున్న అర్జీని జూన్ 1న బైరన్ సభ ముందుంచాడు. అర్జీ పెట్టుకునే హక్కు కూడా లేకపోతే ఓటు లేనివాడికి ఇక దారేదీ అన్నది అందులోని అసలు ప్రశ్న.

సభ దాన్ని తోసిపుచ్చింది. ఒంటరి మైనారిటీ అని పేరుపడ్డ స్టాన్‌హోప్ ప్రభువు తప్ప గట్టిగా వెనక నిలిచినవారు లేరు. ఆ సాయంత్రం బైరన్ కవిమిత్రుడు థామస్ మూర్ గదికి వెళ్లి, సభలో అన్న పెద్ద పెద్ద మాటల్ని నాటకఫక్కీలో వల్లిస్తూ అటూ ఇటూ తిరిగాడట. ఇంతకీ ఆ మేజర్‌కు జరిగిన అన్యాయమేమిటని మూర్ అడిగితే, అది మర్చిపోయానన్నాడట. మూర్ రాసిన ఈ ముచ్చటను పట్టుకుని బైరన్‌ది ఉత్త నటన అనేవాళ్లున్నారు. ఓడిపోయి వచ్చినవాడు స్నేహితుడి ముందు తనను తాను గేలి చేసుకోవడం నాకు అందులో కనిపిస్తుంది. గుర్తుంచుకోవాల్సింది, ఆ అర్జీని సభలో పెట్టడానికి ముందుకొచ్చినవాడు అతనే.

నవంబరులో అప్పులవల్ల జైల్లో ఉన్నవాళ్ల అర్జీ తెమ్మని ఒకరు ప్రాధేయపడితే కాదన్నాడు. పార్లమెంటు తంతు తనకు విసుగెత్తిందని, మూడుసార్లు మాట్లాడాను గానీ వక్తనవుతానన్న నమ్మకం లేదని డైరీలో రాసుకున్నాడు. తానూ అప్పులవాళ్ల చేతుల్లో నలిగినవాడే. ఆ ఒక్క అర్జీ తిప్పి పంపడం మాత్రం నాకు మింగుడుపడదు. 1816 ఏప్రిల్‌లో దేశం విడిచి, మళ్లీ తిరిగి రాలేదు.

అతను మాట్లాడని బిల్లు ఒకటి మనకు సంబంధించింది. కార్ట్‌రైట్ అర్జీ వీగిపోయిన ఏడు వారాలకు, 1813 జులై 21న, అదే పార్లమెంటు ఈస్టిండియా కంపెనీ చార్టర్‌ను మార్చి, చైనా వ్యాపారం, తేయాకు మినహా భారతదేశంతో వ్యాపారాన్ని బ్రిటిష్ వర్తకులందరికీ తెరిచింది. తర్వాతి దశాబ్దాల్లో లంకాషైర్ మిల్లు బట్ట మన రేవుల్లో దిగింది. మచిలీపట్నం, విశాఖ ప్రాంతాల నేతగాళ్ల మగ్గాలు మూలపడ్డాయి. నర్సాపురం దగ్గరి మాధవాయిపాలెం పేరుతో ప్రసిద్ధమైన బట్టను కూడా ఆ మిల్లులే నేసి అమ్మాయి. నాటింగ్‌హామ్ అల్లికవాడి తరఫున కనీసం ఒక గొంతు లేచింది. మన సాలెవాళ్ల తరఫున ఆ సభలో బైరన్ లాంటివాడు లేవలేదు.

మగ్గం విరగ్గొడితే ఉరి అన్న ఆ చట్టం రెండేళ్ల గడువుతో వచ్చింది, 1814లో ద్వీపాంతరవాసంగా మారింది, 1817లో ఉరి మళ్లీ వచ్చింది. 1813 జనవరిలో యార్క్‌లో పదిహేడుమంది లడ్డైట్లను హత్య, మిల్లు మీద దాడి, దోపిడీ నేరాల కింద ఉరితీశారు. కాథలిక్కులకు 1829లో పార్లమెంటు తలుపు తెరుచుకుంది. అప్పటికి బైరన్ పోయి అయిదేళ్లు. వెస్ట్‌మినిస్టర్ అబీ అతన్ని లోపలికి రానివ్వకపోతే నాటింగ్‌హామ్‌షైర్‌లోని హక్‌నల్ గుడిలో, మేజోళ్ల మగ్గాల ఊళ్ల నడుమ పూడ్చారు. 1852లో కూతురు ఆడా లవ్‌లేస్ పక్కనే చేరింది. పట్టుబట్ట మీద పూలు నేసే జకార్డ్ మగ్గాన్ని ఉదాహరణగా తీసుకుని గణనయంత్రం ఎలా పనిచేస్తుందో రాసిన మనిషి ఆమె.

మూడు ప్రసంగాలూ 1824లో చిన్న పుస్తకంగా వచ్చాయి. పార్లమెంటు పాత చర్చల సంపుటాల్లో కూడా ఉన్నాయి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చదవాలనుకునేవాళ్లు 1812 ఫిబ్రవరి 27తో మొదలుపెట్టండి. ముగింపులోని కసాయి జ్యూరీ దగ్గరికి పరుగెత్తకండి, అది ఎక్కడైనా దొరుకుతుంది. బుల్వెల్, మాన్స్‌ఫీల్డ్ దారిలో సిపాయిలు తిరుగుతున్న చోట ఆగండి. అక్కడ మాట్లాడుతున్నది ఆ దారుల్లో ఆ చలికాలమే నడిచొచ్చినవాడు.